చక్రకేళి పథ్యం

1994లో రాజమండ్రిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో బయోకెమిస్టుగా చేరాను. పరీక్ష టెక్నీషియన్ చేస్తాడు, బయోకెమిస్టు సరిచూసి సంతకం పెడతాడు, ఆ కాగితాన్ని బట్టి డాక్టరు నిర్ణయిస్తాడు. అసలే నేను పిరికివాణ్ణి. సంతకం పెట్టిన ప్రతి రోజూ భయమే.

మరుసటి వేసవిలో నాగమణి అనే ఇరవై రెండేళ్ల అమ్మాయిని చేర్చారు. తలనొప్పి, గుండెదడ, ఉన్నట్టుండి ఎగిరే బీపీ. మూత్రపిండం మీదుండే గ్రంథిలో కణితేమోనని మా ఫిజీషియన్ గారి అనుమానం. అలాంటి కణితి వదిలే రసాయనాలు విరిగి మూత్రంలోకి వస్తాయి. రోజంతటి మూత్రం ఒక క్యానులో పట్టి, రంగు తేలే మందు కలిపి కొలుస్తాం. రంగు ముదిరితే అనుమానం బలపడినట్టు.

మొదటిసారి రంగు కాస్త ఎక్కువే వచ్చింది. పథ్యం చేయించి మళ్ళీ పట్టమన్నారు డాక్టరుగారు. ఈసారీ ఎక్కువుంటే ఆపరేషన్‌కు విశాఖపట్నం పంపేస్తానన్నారు. ఆ గ్రంథిని తాకితే బల్ల మీదే బీపీ ఎగిరి ప్రాణం మీదికి రావచ్చని నాకు తెలుసు.

రెండోసారి రంగు ఇంకా ముదిరింది. కొత్త మందుతో దగ్గరుండి మళ్ళీ చేయించాను. మార్పు లేదు. సంతకానికి కలం తీసేసరికి అమ్మాయి తండ్రి వెంకటరత్నం గారు గుమ్మంలో నిలబడ్డారు. రావులపాలెం దగ్గర లంకలో ఆయనకు అరటితోట ఉంది. చేతిలో చక్రకేళి అరటిపళ్ళ అత్తం.

"మీ పిల్లలకండి, మా తోటలోయే" అన్నారు.

అమ్మాయి ఏం తింటోందని అడిగాను.

"పథ్యమే కదండీ. కారం లేదు, పులుపు లేదు, నూనె చుక్క తగల్లేదు. మూడు పూటలా ఈ పళ్ళే. నీరసం రాకుండా కాఫీ ఇస్తన్నామండి."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అరటిపండులో, కాఫీలో ఫినాలిక్ పదార్థాలుంటాయి, కణితి రసాయనాల్లాగే అవీ మా మందుతో రంగు తేలుస్తాయి. విదేశీ పుస్తకాలు వీటికి వైన్‌నూ ఆలివ్ కాయలనూ ఉదాహరణగా చూపుతాయి. ఏది తిన్నా ఒంట్లో నడిచే దారి ఇంచుమించు ఒకటే. పేగుల్లోని సూక్ష్మజీవులు వాటిని ముక్కలు చేస్తాయి, కాలేయం నీళ్ళలో కరిగేలా మారుస్తుంది, మూత్రపిండాలు బయటికి పంపుతాయి. రెండు మూడు రోజుల్లో ఒళ్ళు ఖాళీ అవుతుంది. ఈలోగా పట్టిన మూత్రంలో కణితి నుంచి వచ్చిందేదో పండు నుంచి వచ్చిందేదో మా రంగు మందుకు తెలియదు.

రిపోర్టు ఆపమని డాక్టరుగారిని అడిగాను. ఆయన విసుక్కున్నారు. "నిజంగా కణితే అయితే? ఈలోగా ఏమన్నా అయితే పూచీ ఎవరిదండీ?" నాదే అన్నాను.

అన్నం, మజ్జిగ, ఉడికించిన గుడ్డు తప్ప ఇంకేమీ పెట్టొద్దని చెప్పాం. ఆ రోజుల్లో వార్డు వైపు నర్సు గబగబా నడిచినా నాకు గుండె ఝల్లుమనేది. మూడోసారి రంగు మామూలుగా వచ్చింది. మూత్రపిండానికి వెళ్ళే రక్తనాళం సన్నబడిందని తర్వాత తేలింది. బీపీ మాత్రలకు లొంగింది. ఇక ఓ పండు పెట్టొచ్చా అని వెంకటరత్నం గారు భయపడుతూ అడిగారు. పెట్టమన్నాను.

అప్పటినుంచి మా ల్యాబులో పథ్యం చేశారా అని అడగడం మాన్పించాను. నిన్నా మొన్నా ఏమేం తిన్నారు, ఏమేం తాగారు అనే అడగాలి. పథ్యం చేశామని ఆ తండ్రి చెప్పింది నిజమే. ఆ నిజాన్ని నమ్మి అమ్మాయిని ఆపరేషన్ బల్ల ఎక్కించబోయాం.