నూనె అని చెప్పిన నీళ్లు

అరవైల్లో కదిరి దగ్గర ఒక మెట్ట ఊళ్లో నేను బడిపంతులుగా ఉన్నప్పుడు వరుసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. ఊరి బయట క్రైస్తవుల పేటలో బావి ఎండిపోయింది. అక్కడి ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి, ఏటి ఇసుకలో చెలమ తవ్వి, గిన్నెలతో నీళ్లు తోడుకునేవాళ్లు. ఊళ్లో నీళ్లున్న బావి ఒక్కటే మిగిలింది. దాని ఆసామి పేటవాళ్లను బావి గట్టు ఎక్కనిచ్చేవాడు కాదు.

ఆయన్ను నీళ్లు అడిగే పని పేటవాళ్లు నా నెత్తిన పెట్టారు. నేనుండే గది ఆయనదే, తినే తిండీ ఆయనింటిదే, కాబట్టి నా మాట వింటాడని వాళ్ల ఆశ. సరిగ్గా అందుకే నాకు నోరు లేవదని వాళ్లకు తెలియదు. ఇవాళా రేపా అంటూ వారం గడిపేశాను.

అప్పుడే మిషన్ ఆసుపత్రి నుంచి ఒక తెల్ల నర్సమ్మ వచ్చింది. మన దేశానికి రాకముందు ఆమె రెండు వేసవులు ఓడలో పనిచేసిందట. ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున ఉండే పల్లెలకు, మంచుగడ్డలు కరిగే నెలల్లో ఏడాదికొక్కసారి పోయే ఓడ అది. ఆ ఫోటోలు చూపిస్తానంటే మధ్యాహ్నం బడి దగ్గర అందరినీ కూర్చోబెట్టాను. ఊరివాళ్లు వసారాలో, పేటవాళ్లు కింద ఎండలో. ఆసామికి నా కుర్చీ వేశాను. ఆయన నవ్వుతూ లేస్తే, ఆ ఊపులో నీళ్ల మాట ఎత్తాలని నా ఎత్తు.

ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే నేను తెలుగులో చెప్పాను. మా పాఠంలో ఎస్కిమోలని ఉండేది. వాళ్లు తమను ఇన్యూట్ అని చెప్పుకుంటారని ఆమె నన్ను దిద్దింది. తీరంలో దారి గుర్తుకు మనిషిలా పేర్చిన రాళ్లను చూసి, "రాళ్లు మాకేం తక్కువనా?" అని ఎవరో అంటే ఆసామి నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత నర్సమ్మ సీలు అనే సముద్ర జంతువు కొవ్వుతో వెలిగే రాతి దీపం చూపింది. చెట్టన్నది లేని చోట దాని మీదే వంట, దాని మీదే మంచు కరిగించుకుని తాగడం.

మరుసటి ఫోటోలో చచ్చిన సీలు నోట్లో ఒకావిడ ఏదో పోస్తోంది. సీలు ఉప్పునీళ్లలో బతికిన ప్రాణి కదా, దాహంతో ఉంటుంది, చంపి తెచ్చినా సరే కోసేముందు దానికి మంచినీళ్లు పోయడం వాళ్ల ఆచారం అని నర్సమ్మ చెప్పింది.

ఆసామి ముందర ఈ మాట అంటే కావాలని ఎత్తిపొడిచినట్టే. "దీన్ని కోసుకుని తింటారు," అని మాత్రం చెప్పి ఇంకో ఫోటో అందుకోబోయాను.

ఎండలోంచి పేట ముసలమ్మ ఒకామె అడిగింది. "అయివారూ, ఆయమ్మ దాని నోట్లో ఏం పోస్తాండాది?"

"నూనె," అన్నాను.

నర్సమ్మకు తెలుగు నాలుగైదు మాటలే వచ్చు, ఆసుపత్రిలో రోజంతా చెవినపడేవి. "నూనె కాదు. నీళ్లు," అంది గట్టిగా. సీలును చూపించి, "దాహం," అని కూడా అంది.

అందరూ ఆసామి వైపు చూశారు. ఆయన నా వైపు చూశాడు.

"ఏమప్పా అయివారూ, నీళ్లంటే నేను కొడ్తాననుకుంటివా?"

నేను తల వంచుకుని చేతిలోని ఫోటోలు సర్దాను.

"వీళ్లు నిన్ను అడగమనిండేది నాకు తెల్సు. వారం నుంచి చూస్తాండా. సచ్చినదానికి పోసేది చెప్పేదానికే నీకింత బయమైతే, బతికినోళ్ల కోసరం ఎప్పుడడుగుతావు?" అని లేచి, పేటవాళ్ల వైపు తిరిగాడు. "రేపట్నుంచి ఎద్దుల్ని కట్టి కపిల తోలించి నీళ్లు తోడిస్తా. కాలవలో పట్టుకోండి. గట్టు మాత్రం ఎక్కగూడదు."

మర్నాడు కాలవలో నీళ్లు పారాయి. పేట కోసమే అబద్ధమాడానని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం నాకు తెలుసు. నా గది కోసం, నా కూటి కోసం ఆడాను.

నెల తర్వాత ఆ ముసలమ్మ కార్డుముక్క కొంగున ముడేసుకుని కదిరి దారిలో పోతూ ఎదురైంది. గుంతకల్లు రైల్వేలో ఉన్న కొడుకు రాసే ఉత్తరాలన్నీ అంతవరకూ నేనే చదివిపెట్టేవాణ్ణి.

"ఇంత ఎండలో యాడికవ్వా? ఇటివ్వు, నేను చదువుతా," అన్నాను.

ఆమె కొంగు ముడి మీద చెయ్యి వేసుకుంది.

"వద్దులే అయివారూ," అంది. "ఉండేది ఉండేట్టు సదివేవోళ్లు కావల్ల నాకు."