ఓబులమ్మ కడుపులో ఉన్నది, కంప్యూటర్‌లో లేనిది

2023లో నేను హిందూపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం కౌంటర్ చూస్తున్నాను, ఇప్పటికీ అదే పని. పదకొండేళ్లు వార్డులో నర్సుగా నిలబడి, నడుము మొరాయించాక కుర్చీలోకి మారాను. నా పని ప్రీ ఆథ్ పెట్టడం. అంటే ఆపరేషన్‌కు ముందే రోగి వివరాలు, స్కాన్, డాక్టర్ రాసిన కాగితాలు కంప్యూటర్‌లో ఎక్కించి పథకం వాళ్ల అనుమతి తెప్పించడం. రోగి ఏ ఊళ్లో ఏ వైద్యం చేయించుకున్నా ఒకే హెల్త్ నంబరు కింద అంతా కనపడుతుంది. చేయని వైద్యం చేసినట్టు చూపించే ఆసుపత్రులను పట్టుకోవడానికి అది మంచి ఏర్పాటు.

ఆ వేసవిలో పెనుకొండ దగ్గరి పల్లె నుంచి ఓబులమ్మ అనే డెబ్బై ఏళ్ల పెద్దామె, కోడలు సరోజతో వచ్చింది. కడుపునొప్పి, వాంతులు. స్కాన్ తీస్తే పిత్తాశయంలో రాళ్లు. కాలేయం కింద పైత్యరసం నిలవ ఉండే చిన్న సంచి అది. వాపు వచ్చింది, వారంలోపు తీసేయకపోతే ప్రమాదమని మా సర్జన్ అన్నారు. ఆమెను వార్డులో చేర్చి నేను ప్రీ ఆథ్ పెట్టాను. గంటలో తిరస్కరించారు. ఈమె పిత్తాశయాన్ని నిరుడే ధర్మవరంలో ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు తీసేశారట.

నేను వార్డుకు వెళ్లాను.

"అవ్వా, నిరుడు ధర్మవరంలో ఆపరేషన్ చేయించుకుంటివా?"

"ఏం ఆపరేషన్ పాపా?"

"పిత్తాశయం తీసినారని రాసుండాది."

ఆమె కోడలి వైపు తిరిగింది. "సరోజా, నాకేమన్నా తీసినారా?"

"పన్ను పీకినారు కదత్తా. అంతే."

ఓబులమ్మ మళ్లీ నా వైపు తిరిగింది. "మరి లేనిదాంట్లో రాళ్లు యాడ పడినాయి పాపా?"

ఆ మాటే నేను పథకం ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాను. "సిస్టమ్‌లో తీసేసినట్టుందమ్మా" అన్నాడు అవతలి మనిషి. మా స్కాన్‌లో స్పష్టంగా కనపడుతోందన్నాను. "అయితే మీ స్కాన్ ఇంకొకసారి చూసుకోండి" అని పెట్టేశాడు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేద్దామంటే, అక్కడ కారణాల జాబితాలో ఒకటి ఎంచుకోవాలి. పేరు తప్పు, వయసు తప్పు, ఫోటో సరిగా లేదు ఇట్లా పద్నాలుగు ఉన్నాయి. ఉన్న అవయవం లేదన్నారు అనేది మాత్రం లేదు. 'ఇతరములు' నొక్కి పుట్టపర్తిలోని పథకం జిల్లా అధికారికి పంపాను.

ఆ సాయంత్రం ధర్మవరం రికార్డు తెరిచి చదివాను. ఆపరేషన్ బాగా జరిగిందనీ, రోగి మూడో రోజు ఉత్సాహంగా ఇడ్లీ తిని ఇంటికి వెళ్లిందనీ డిశ్చార్జి సమ్మరీలో ఉంది. రోగి మంచం మీద ఉన్నట్టు ఫోటో కూడా పెట్టాలి, పెట్టారు. అందులో ఓబులమ్మ పడుకుని నవ్వుతోంది. కాళ్లకు చెప్పులున్నాయి.

ఫోటో చూపిస్తే ఆమె ముఖం వెలిగింది. "నేనే. ఉచిత క్యాంపని మా ఊరికి వ్యాను తెచ్చి పిలుచుకుపోయినారు. వేలిముద్ర తీసుకున్యారు. రెండు నిమిషాలు పండుకోమన్యారు. పప్పన్నం పెట్టినారు పాపా, పాపం మంచోళ్లు."

ఇంకొకటి కూడా కనపడింది. ధర్మవరంలో ఆపరేషన్ జరిగినట్టు రాసిన రోజే, పెనుకొండ ప్రభుత్వ ఆసుపత్రిలో ఓబులమ్మ బీపీ చూపించుకుని మాత్రలు తీసుకున్నట్టు అదే నంబరు కింద నమోదై ఉంది. ఆ వివరం కూడా అధికారికి పంపాను.

ఈలోగా ఓబులమ్మకు జ్వరం మొదలైంది. అనుమతి ఉన్నా లేకున్నా శుక్రవారం ఆపరేషన్ చేసేస్తానని సర్జన్ అన్నారు. అనుమతి రాకపోతే తాళి అమ్మైనా డబ్బు కడతానని సరోజ నాతో మెల్లగా చెప్పింది.

గురువారం అధికారి వచ్చారు, నర్సింగ్ హోమ్ మేనేజర్ని వెంటబెట్టుకుని. మేనేజర్ తెల్లచొక్కాలో, మంచం పక్కన నిలబడి ధైర్యంగానే మొదలుపెట్టాడు.

"మా దగ్గరే చేసినాం సార్. చిన్న బెజ్జాల ఆపరేషన్. మచ్చలు చర్మంలో కలిసిపోయింటాయి."

ఓబులమ్మ లేచి కూర్చుంది. "నా వయసుకు చర్మం ముడతలు పడతాది గానీ, మచ్చలు మాయమైతాయా అబ్బా? సరే, నాది తీసినావు కదా. యాడ పెట్టినావో తెచ్చియ్యి. డాక్టరయ్యకు పని తప్పుతాది."

అధికారి దగ్గు వచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నారు. తరువాత లాప్‌టాప్ తెరిచారు. నిరుడు ఆ నెలలోనే అదే నర్సింగ్ హోమ్ పంపిన మరో ఎనిమిది మంది ఫోటోలు వరసగా చూపించారు. అందరిదీ ఒకటే మంచం, ఒకటే పూల దుప్పటి, అందరి కాళ్లకూ చెప్పులు. ఆపరేషన్ తేదీలు వేరువేరు. ఫోటోలు తీసిన సమయం మాత్రం సిస్టమ్‌లో దానంతటదే నమోదవుతుంది. ఓబులమ్మదితో కలిపి తొమ్మిదీ ఒకే ఉదయం, నలభై నిమిషాల్లో తీసినవి.

మేనేజర్ చెమట తుడుచుకున్నాడు. "డేటా ఎంట్రీలో తప్పు జరిగింది సార్."

"తొమ్మిది మంది చెప్పులేసుకుని ఆపరేషన్‌కు పండుకునింది కూడా డేటా ఎంట్రీ తప్పేనా?" అన్నారు అధికారి.

ఓబులమ్మ మూడో ఫోటోను మళ్లీ చూపించమంది. "ఇదో, మా పక్కింటి నాగప్ప. వానికేం తీసినారు సార్?"

"హెర్నియా అవ్వా."

"ఆయప్పకు తెలుసునా?"

తెలియదు. మిగతావాళ్లకూ తెలియదు. రేపు వాళ్లలో ఎవరికి నిజంగా జబ్బు చేసినా ఓబులమ్మ లాగే ఆసుపత్రి గడపలో నిలబడాల్సిందే. అధికారి అక్కడే కూర్చుని తొమ్మిది రికార్డులూ సరిచేయించారు. ఆ నర్సింగ్ హోమ్‌ను పథకం నుంచి తప్పించి కేసు పెట్టారు. మా అనుమతి సాయంత్రం నాలుగింటికి వచ్చింది. శుక్రవారం ఆపరేషన్ జరిగింది. రాళ్లు సీసాలో వేసి చూపిస్తే ఓబులమ్మ వెలుతురుకు పెట్టి చూసి, "ఇంతుండి ఇంత ఆట ఆడించినాయే" అంది.

దొంగను పట్టించింది కంప్యూటరే, దొంగ మాటను ఏడాదిపాటు నమ్మిందీ కంప్యూటరే. రాసినది ఒక్కసారి మనిషికి చదివి వినిపించి ఉంటే ఆ అబద్ధం ఒక్క రోజు కూడా నిలిచేది కాదు. అప్పటి నుంచి ఏ రోగి వచ్చినా స్క్రీన్ వాళ్ల వైపు తిప్పి, పాత వైద్యమంతా పైకి చదువుతాను. పని ఆలస్యమవుతుంది, వెనక లైన్లో గొణుగుతారు.

మొన్న రొళ్ల నుంచి వచ్చిన ఒక ఆటో డ్రైవరుకు అట్లాగే చదివాను. బీపీ, చేతి ఎముక విరగడం, రెండు కాన్పులు. ఆయన నింపాదిగా విని అన్నాడు: "బీపీ నాదే మేడమ్. చెయ్యీ నాదే. కాన్పులు మాత్రం మా ఆమెవి, ఆమెకు ఇచ్చేయండి. నావని తెలిస్తే ఇంట్లోకి రానీదు."