తాతమ్మ చేతిలో గులాబీ

నేను రిటైరవడానికి ముందు ఏడాది వేసవిలో నన్ను మచిలీపట్నం పంపించారు. ప్రభుత్వ మ్యూజియంలో సీనియర్ కన్జర్వేటర్‌ని. పాత చిత్రాలు పాడవకుండా చూడటం, పాడైనవాటిని బాగుచేయటం నా పని. పంతొమ్మిదో శతాబ్దపు స్త్రీల చిత్రపటాలతో మేము పెట్టబోయే ప్రదర్శనకు అక్కడి బట్టల వ్యాపారుల కుటుంబం ఒకటి తమ తాతమ్మ తైలవర్ణ చిత్రాన్ని ఇస్తామంది. దాన్ని పరీక్షించి శుభ్రం చేయాలి.

ఇంటికి పెద్దలు సీతామహాలక్ష్మి గారు, ఆమె తమ్ముడు వెంకటరత్నం గారు. ముందుగదిలో గోడమీద తాతమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఆ కాలపు చిత్రకారులు చాలామంది ఆడవాళ్ల ముఖం కన్నా నగల మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టేవారు. బొమ్మ వేయించిన భర్త కలిమి కనిపించేది అక్కడే. మగవాళ్ల చేతికి పుస్తకమో, చేతికర్రో ఇచ్చేవారు, ఆడవాళ్లకు పువ్వు. ఈమె చేతిలోనూ గులాబీ ఉంది. పట్టుకున్న తీరే నాకు నచ్చలేదు. పిడికిలి బిగించి, బొటనవేలు నొక్కిపెట్టి ఉంది. గులాబీని అలా పట్టుకుంటే ముళ్లు దిగుతాయి.

తలుపులు మూసి అతినీలలోహిత దీపం వేశాను. ఆ వెలుగులో పాత వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, తర్వాత పూసిన రంగు నల్లటి మచ్చలా కనిపిస్తుంది. గులాబీ నల్లబడింది. దాన్నుంచి ఒడి మీదుగా పొడవాటి నల్లటి పట్టీ ఒకటి సాగింది.

కింద ఇంకేదో ఉందన్నాను. యజమానుల సంతకం లేకుండా పైరంగు తీయకూడదు. వెంకటరత్నం గారు ఒప్పుకోలేదు.

"ఉన్నది ఉన్నట్టు ఉంచండి మేడం. పదిమందీ చూసేది. ఏం బయటపడుద్దో ఏంటో!"

"ఏం పడితే ఏంట్రా? మన తాతమ్మేగా," అన్నారు అక్కగారు.

చివరికి గోరంత మేర తీసి చూపించటానికి ఇద్దరూ సరేనన్నారు. పుల్లకు చుట్టిన దూదిని ద్రావకంలో ముంచి మెల్లగా దొర్లించాను. ఎరుపు దూదికి అంటుకుంది. కింద టేకు రంగు, దాని మీద వరసగా సన్నటి అడ్డగీతలు. బట్ట కొలిచే గజంబద్ద!

వెంకటరత్నం గారి ముఖం మాడిపోయింది. "చూసినవాళ్లు మా తాతమ్మ కొట్లో కూర్చుందనుకుంటారండీ!"

"అనుకునేదేంట్రా, కూర్చుందిగా! ముత్తాత సరుకు కోసం ఊళ్లు తిరుగుతుంటే కొట్టు నడిపిందెవరు?" సీతామహాలక్ష్మి గారికి నవ్వు ఆగలేదు.

ఆయన కళ్లజోడు సవరించుకుని పటానికి దగ్గరగా వంగారు. చాలాసేపు చూసి, "అక్కా, ఆ బొటనవేలు చూశావా? జాకెట్టు గుడ్డ కొలిచేటప్పుడు నువ్వూ అచ్చం ఇలాగే నొక్కుతావు," అన్నారు. పెన్ను అడిగి సంతకం పెట్టారు.

తీసేముందు గులాబీని ఫొటో తీశాం. అదీ ఆ చిత్రం చరిత్రలో భాగమే. ఆ పువ్వును ఎవరు, ఎప్పుడు వేయించారో తెలియలేదు. ప్రదర్శన మొదలైన రోజు వెంకటరత్నం గారు అవనిగడ్డ నుంచి బంధువులను వెంటబెట్టుకొచ్చారు. పటం పక్కన నిలబడి, "మా తాతమ్మ. కొట్టంతా ఈవిడ చేతిమీదే నడిచింది," అని వచ్చినవాళ్లందరికీ చెప్పారు.

ఆ తర్వాత ఏ స్త్రీ చిత్రపటం నా బల్ల మీదికొచ్చినా ముందు చేతులు పరీక్షించేదాన్ని. నగలు ఇంటివారు చెప్పి వేయిస్తారు, ముఖాన్ని చిత్రకారుడు సర్దుతాడు. వేళ్లను సరిదిద్దాలని మాత్రం ఎవరికీ తోచదు.