పేరు పోయిన గ్రాఫిక్స్ కార్డు

పెళ్లి వీడియో ఎడిటింగ్ మధ్యలో ఈ రోజు మా స్టూడియోలో గ్రాఫిక్స్ కార్డు కాలిపోయింది. నిడదవోలు నుంచి రాజమండ్రి వెళ్లి, కంప్యూటర్ షాపులో ఏళ్లుగా వాడుతున్న కార్డు పేరే చెప్పి అడిగాను.

"కార్డులు చేసేవాళ్లు ఆ పేరు ఇకమీదట పెద్ద చిప్ కంపెనీ చిప్ ఉన్న కార్డులకే అని రాసిచ్చేశారండి. మీరు వాడే చిప్ వేరే వాళ్లది కదా, దానికి కొత్త పేరు పెట్టారు," అన్నాడు షాపాయన.

"కార్డు మారిందా అండి?"

"లేదండి, ఫ్యాన్లు కూడా అవే. కార్డులు చేసేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే పెద్ద కంపెనీ వాళ్లకి చిప్పులు సరిగా పంపదంటండి."

కొత్త పేరుదే తెచ్చాను. అట్టపెట్టె చూడగానే మా ఆవిడ, "ఏంటండీ, డూప్లికేట్ అంటగట్టారా?" అంది.

పోటీవాళ్ల చిప్ ఉన్న కార్డంటే జనం ఇలా అనుమానపడాలి, ఆ పెద్ద కంపెనీకి కావలసింది సరిగ్గా ఈ మాటే. విడమరిచి చెప్పే ఓపిక లేక కార్డు బిగించాను. వీడియో ఎప్పటిలాగే ఆడుతోంది. మా ఆవిడ మాత్రం బిల్లు పారేయొద్దంది. మీరైతే ఏమని నచ్చజెబుతారు?