కోపానికి పని చెప్పిన మామయ్య

మా మేనత్త భర్త పోయిన వారం ఢిల్లీలో కన్నుమూశారు. ఫోన్ చేసింది అత్తయ్యే. "మీ మామయ్య నిద్రలోనే పోయారే, అమ్మాయ్. ఆ మనిషి ఇంత నెమ్మదిగా పోతారని నేననుకోలేదు," అంది. ఆయన్ని ఎరిగినవాళ్లకి ఆ మాట బరువు తెలుస్తుంది.

తొంభైల మొదట్లో నర్సింగ్ చదవడానికి కాకినాడ నుంచి వెళ్లి వాళ్లింట్లో ఉన్నాను. అత్తయ్య ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మామయ్య అక్కడే అంబులెన్స్ డ్రైవరు. సెలవు రోజున తాగి వస్తే ఇంట్లో వస్తువు మిగిలేది కాదు. ఒకసారి కూలర్‌ని తన్ని మెట్ల మీంచి కిందకి తోశారు. అడ్డం వెళ్లిన అత్తయ్య చెయ్యి మెలితిప్పారు. మణికట్టు విరిగిన చప్పుడు వంటగదిలో ఉన్న నాకు వినిపించింది. మర్నాడు ఆవిడ కట్టుతోనే డ్యూటీకి వెళ్లింది. అంబులెన్స్‌లో వచ్చిన రోగిని ఒంటి చేత్తో దించబోతుంటే, స్ట్రెచర్ రెండో కొస పట్టుకుని ఉన్నది మామయ్యే. ఆ సాయంత్రమే ఆయన మందు మాన్పించే వార్డులో చేరారు.

తాగుడు మానగానే మనిషి మెత్తబడలేదు. ఇంకా భయంకరంగా తయారయ్యారు. ఒళ్లంతా చెమటలు పట్టేవి. ఉన్నట్టుండి గోడని పిడికిళ్లతో గుద్దేవారు. సున్నం మీద నెత్తుటి మరకలు. ఇంటికొచ్చిన పాస్టరుగారు ఆ మరకలు చూసి బైబిలు వాక్యమేమీ చెప్పలేదు. మర్నాడు ఒక పాత డోలక్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టారు.

"కొట్టాలనిపిస్తే దేవుడి ముందు కొట్టండి, బ్రదర్. ఆయన తట్టుకుంటాడు."

మామయ్యకి తాళం రాదు. మా క్రైస్తవ సంఘం ఆదివారాలు ప్రార్థనకి ఒక బడిగదిలో కూడేది. అక్కడ పాటది ఒక దారి, ఈయనది ఒక దారి. వేళ్లు చిట్లేదాకా వాయించేవారు. ఇంట్లో సాధన మొదలుపెడితే కింది అంతస్తు పంజాబీ ఆంటీ, తన కప్పు కూలిపోతోందన్నట్టు, ఇక ఆపమని "అరే భయ్యా, బస్ కరో!" అని అరిచేది.

"కోపం తగ్గిందా మామయ్యా?" అని అడిగానొకసారి.

"తగ్గలేదే. దానికో పని దొరికింది, అంతే."

అత్తయ్య అంత సులువుగా కరగలేదు. సంఘంలో నిలబడి దేవుడు తనని క్షమించాడని ఆయన సాక్ష్యం చెప్పిన రోజు, ఇంటికొచ్చాక, "దేవుడు క్షమించాడు, సరే. నా చెయ్యి ఇంకా నొప్పెడుతోంది," అంది. మామయ్య తల దించుకుని "అవును" అన్నారు. ఆ తర్వాత ఆ సాక్ష్యం మళ్లీ చెప్పలేదు. బట్టలు పిండే పని మాత్రం ఆవిణ్ణి ఎన్నడూ చెయ్యనివ్వలేదు.

ఒక ఆదివారం ఆయనతో పూర్వం కలిసి తాగిన స్నేహితుడు, శ్రీకాకుళం వైపు మెకానిక్కు, సీసా పట్టుకుని ఇంటికొచ్చాడు. మామయ్య వద్దన్నారు. "పెద్ద భక్తుడివైపోయావేట్రా?" అంటూ అతను సీసాని గుమ్మానికేసి బద్దలు కొట్టి, చేతిలో మిగిలిన ముక్కతో మామయ్య చెంప చీరేశాడు. మరుక్షణం మామయ్య అతన్ని గోడకి అదిమేశారు. ఎడమచెయ్యి అతని గొంతు మీద, కుడిచేతిలో ఎత్తిన ఇనప స్టూలు. అతని కళ్లు తేలిపోతున్నాయి. నేను కేకలు పెడుతున్నాను.

"ఏం చెయ్యమంటావ్? చెప్పు, వీణ్ణి ఏం చెయ్యమంటావ్?" మామయ్య అత్తయ్య వైపు తిరిగి అరిచారు.

"ప్రార్థనకి టైమైంది. పదండి," అంది అత్తయ్య.

స్టూలు నేల మీద పడింది. ఆసుపత్రికి పోదామన్నా వినకుండా, చెంపకి తువ్వాలు అదుముకుని ఆయన బడిగదికే నడిచారు. డోలక్ మీద మొదటి దెబ్బకే పాడేవాళ్లు ఆగిపోయారు. చెంప నుంచి రాలిన నెత్తుటి చుక్కలు ప్రతి దెబ్బకీ ఎగిరిపడుతున్నాయి. పాస్టరుగారొక్కరే పాడుతూ ఉన్నారు. చివరికి దెబ్బలు నెమ్మదించి, తాళం పాటతో కలిసింది. అప్పుడు అత్తయ్య లేచి, ఆయన భుజం పట్టుకుని కుట్లు వేయించడానికి తీసుకెళ్లింది.

నేనిప్పుడు మందు మాన్పించే వార్డులోనే పనిచేస్తున్నాను. మందు దొరక్క బూతులు తిడుతూ మంచం ఊపేసే మనిషి దగ్గర పారిపోకుండా నిలబడగలుగుతున్నానంటే, అది మామయ్య చలవే.

ఆ గొడవ జరిగిన కొన్ని వారాలకి ఆ మెకానిక్కు బడిగది గుమ్మంలో కనిపించాడు. లోపలికి రాడు, వెళ్లిపోడు. పాట సగంలో ఉంది. మామయ్య వాయిస్తూనే పక్కకి జరిగి చాప మీద చోటిచ్చారు. అతను వచ్చి కూర్చున్నాడు. మామయ్య అతని చేతిని లాగి డోలక్ మీద పెట్టి, దాని మీద తన చెయ్యి అదిమి కొట్టారు. రెండు చేతులూ కలిసి లేచి, కలిసి పడ్డాయి. పాట అయిపోయాక కూడా ఆ ఇద్దరూ ఆపలేదు.