శిఖరం లేని కొండలు

నాందేడ్‌లో బట్టల దుకాణం నడిపే మా కాకకు, అంటే నాన్న తమ్ముడికి, ఒక అలవాటుండేది. గిరాకీ లేనప్పుడల్లా కొండలెక్కే తాడును ఒళ్లో పెట్టుకుని, ఎక్కడైనా పోగు తెగిందేమోనని జానెడు జానెడు తడిమి చూసుకునేవాడు. దీపావళి అమ్మకాలు అయిపోగానే ఒక్కడే సహ్యాద్రి కోటల వైపు రైలెక్కేవాడు. తిరిగొచ్చాక, ఎక్కిన కొండను రంగుల్లో గీసి దుకాణం గోడకు తగిలించేవాడు.

"అన్నీ కొండలేనాయె. గీ బొమ్మలల్ల నేనేడున్న?" అని చిన్నమ్మ ఒకసారి అడిగింది. కాక కుంచె కడుక్కుని ఇంకో రంగులో ముంచాడు.

పందొమ్మిది వందల డెబ్బైల్లో వాళ్లకు కూతురు పుట్టింది. ఊయల వేసే రోజున, కొత్త తాడు తెస్తానని కాక లేచాడు.

"బజార్ల తాడు మీద నాకు నమ్మకం లేదు. మిమ్ముల ఇన్నేండ్లు మోసింది గదా, తొట్టెలకు గా తాడే కట్టుండ్రి," అంది చిన్నమ్మ.

కాక చాలాసేపు తాడును తడిమాడు. తర్వాత దుకాణంలో బట్ట కోసే కత్తెర తెచ్చి సగానికి కోశాడు.

ఆ ఏడు మిగిలిన సగంతోనే వెళ్లాడు. అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు. బొమ్మలు మాత్రం మానలేదు. కానీ వాటిలో కొండ సగం దాకా లేచేసరికి పైన కాగితం అయిపోయేది.

"ఏంది సేఠ్, కాగితం సాలలేదా?" అని గిరాకీకి వచ్చినవాళ్లు అడిగేవాళ్లు.

"తాడు సాలలే," అని కాక నవ్వేవాడు.

దుకాణం వెనకే ఇల్లు. ఆ మాట వినపడినప్పుడల్లా లోపల చిన్నమ్మ ఊపే ఊయల కిర్రుమనడం కాసేపు ఆగిపోయేది.