నీడలో పాలిపోయిన నిమ్మ మొక్కలు

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజులవి. మా ఊరు భోపాల్‌పట్నానికి గంట నడక. భర్త పోయాక పుట్టింటికి వచ్చిన మా అక్క పెరట్లో నిమ్మ మొక్కలు పెంచి సంతలో అమ్మేది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. హిందీ చదువుకున్నవాణ్ణి. అక్కకు తెలుగు, గోండి తప్ప రావు. నా హిందీ ఆమెకు చేసిన ద్రోహం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఊరి చివర అధికారుల బంగళా కట్టినప్పుడు సున్నం నానబెట్టే గుంటను మమ్మల్ని అడగకుండా మా పెరట్లోనే తవ్వారు. పనయ్యాక మట్టి కప్పి పోయారు. ఆ నేలలో నిమ్మ లేతాకులు పసుప్పచ్చగా వచ్చేవి, ఈనెలు మాత్రమే పచ్చగా ఉండేవి. రాయి కరిగించి ఇనుము తీసే ముసలి కమ్మరి ఒకడు ఆకు తిప్పి చూశాడు.

"దీనికి ఇనుము అందుతలేదు బిడ్డా," అన్నాడు. చింతపులుసులో ఇనుప రజను నానేసి, ఆ నీళ్లు పల్చగా చేసి ఆకుల మీద చల్లమన్నాడు.

అక్క చల్లింది. మూడు వారాలకు ఎండ తగిలే మడి పచ్చబడింది. పశువుల కొట్టం నీడలో ఉన్న మడి మాత్రం అలాగే పాలిపోయి ఉంది. అదే మట్టి, అవే నీళ్లు. నీడలోని మొక్కల్ని కొన్నింటిని వేళ్ల మట్టితో సహా ఎండలోకి మార్చి మళ్లీ చల్లింది. అవీ తేరుకున్నాయి.

"ఇనుము పోస్తే సరిపోదురా. ఎండ ఉంటేనే అది ఆకుకు ఒంటబడుతది," అంది.

బంగళా అధికారి కన్ను ఆ మొక్కల మీద పడింది. పన్నెండు మొక్కలు కుండీల్లో పెట్టించుకుని తీసుకుపోయాడు. కాదనే కాలం కాదు. ఎండ పొడ సోకని లోపలి వరండాలో వాటిని వరసగా పెట్టించాడు. రెండు నెలలకు కొత్త చిగుళ్లన్నీ పసుపెక్కాయి. మా ఇద్దరినీ పిలిపించాడు.

"రోగిష్టి మొక్కలు అంటగట్టింది. ఎందుకో అడుగు," అన్నాడు హిందీలో.

అక్కకు చెప్పాను. ఆమె గొంతు పెంచలేదు. "మా పెరట్ల సున్నం పోసింది వీళ్లు. మొక్కల్ని చీకట్ల పెట్టింది వీళ్లు. తప్పు నాదెట్లయితదో అడుగు."

నేను చేతులు జోడించి, "హుజూర్, తెలియక పొరపాటు చేసింది. దయచేసి కొంచెం ఎండలో పెట్టించమంటోంది," అన్నాను.

తెలియకనట. ఆ ఊళ్లో ఆ సంగతి తెలిసినది ఆమె ఒక్కతే.

అధికారి నవ్వి, నయం చేసి చూపమన్నాడు. అక్క కుండీలు ఒక్కొక్కటే వాకిట్లోకి మోసింది. సాయం పోబోతే, "నువ్వు ముట్టకు," అంది. జోడించిన నా చేతులు చూసింది మరి.

నాలుగు రోజులకోసారి పోయి ఇనుప నీళ్లు చల్లింది. చిగుళ్లు పచ్చగా వచ్చాయి. ఒకరోజు మా ఇద్దరి ముందే అధికారి చూసి, పక్కనున్న తోటమాలి భుజం తట్టి, "మా మాలి హస్తవాసి మంచిది," అన్నాడు.

"ఏమన్నడు?" అంది అక్క.

"మెచ్చుకుంటున్నడు."

తెలుగు వచ్చిన ఆ మాలి సిగ్గుపడి, గేటు దగ్గర ఆమెకు అసలు మాట చెప్పేశాడు. ఇంటికొచ్చాక, "నీ హిందీ నాకొద్దు," అంది.

ఆ వానాకాలమంతా కిరాణా కొట్టు ఇల్లాలి దగ్గర కూర్చుని నాలుగు హిందీ మాటలు నేర్చుకుంది. అధికారి మళ్లీ మొక్కలకు వచ్చినప్పుడు వచ్చీరాని హిందీలో తనే చెప్పింది. "నేల పాడుచేసింది మీరు. ముందు మీ సున్నం తవ్వి తీసుకపోండి. తర్వాత మొక్క అడగండి."

అతను వెనుదిరిగి వెళ్లిపోయాడు. సున్నం తవ్వడానికి ఎవరూ రాలేదు. మరుసటి వారం అక్కను బంగళాలో వెట్టికి పిలిచారు. ఆమె బదులు నేను పోతానన్నాను.

"వద్దు. ఆడికి పోయి నా పేరు మీద ఇంకేం చెప్పొస్తవో," అని చీపురు పట్టుకుని తనే బయలుదేరింది.